నేను వస్తున్నానంటే బాగుపడే సర్వర్

2023 వేసవి. గోదావరిఖనిలోని ఒక ప్రైవేటు ఎక్స్‌రే సెంటర్ నుంచి నాకు కబురు వచ్చింది, సర్వర్ మొరాయిస్తోందని.

నేను మంచిర్యాలలో ఉంటాను. బెల్లంపల్లి నుంచి కమాన్‌పూర్ దాకా చిన్న ఆసుపత్రులు, బడులు, లారీల కాంటాలు, ఎక్కడ సర్వర్ ఉంటే అక్కడికి వెళ్లి దాని మంచిచెడ్డలు చూడటం నా పని. సర్వర్ అంటే పెద్ద వింతేమీ కాదు. అందరి కంప్యూటర్లకూ కావలసినవి తన దగ్గర దాచుకుని, అడిగినప్పుడు తీసి ఇచ్చే ఇంకో కంప్యూటర్. రాత్రీపగలూ పనిచేస్తుంది. ఈ బొగ్గు పట్టణాల్లో దానికి వచ్చే జబ్బులకూ మనుషులకు వచ్చే జబ్బులకూ కారణాలు దాదాపు ఒకటే. వేడి, దుమ్ము, విశ్రాంతి లేకపోవడం.

ఆ సెంటర్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది గనుల్లో పనిచేస్తున్నవాళ్లు, పనిచేసి రిటైరై దిగిపోయినవాళ్లు. తీసేవాటిలో ఛాతీ ఎక్స్‌రేలే ఎక్కువ. ఒకప్పుడు పాత ఫిల్ములన్నీ ఖాకీ కవర్లలో, ఇనుప బీరువాల్లో ఉండేవి. వాటిని స్కాన్ చేసి సర్వర్‌లోకి ఎక్కించాక బీరువాలు తీసేశారు. దాంతో కొన్ని వేల మంది ఊపిరితిత్తుల చరిత్ర ఒక చిన్న గదిలో, స్టూలు మీద నిలబెట్టిన ఒక్క నల్లపెట్టెలోకి చేరింది.

ఎక్స్‌రేలు చదివే డాక్టరు శారద గారు రోజూ మంథని నుంచి వస్తారు. ముందుగా చెప్పి నేను వెళ్లిన రోజున సమస్య ఏమిటో ఆమె స్పష్టంగా చెప్పారు. ఈరోజు తీసిన ఎక్స్‌రే అడిగితే వెంటనే తెర మీదికి వస్తోంది. అదే మనిషిది పాతది అడిగితే, ఆమె టీ తాగి, కప్పు కడుక్కుని వచ్చినా సగమే తెరుచుకుంటోంది. నెల రోజుల నుంచి ఇదే తంతు.

"ఈ జబ్బులో పాత ఫొటో సాక్షి లాంటిదండీ. ఊపిరితిత్తిలో ఒక మచ్చ కనబడిందనుకోండి. ఏళ్ల కిందట కూడా అంతే ఉందంటే మందులిచ్చి ఇంటికి పంపిస్తాను. అప్పుడు లేదంటే హైదరాబాద్ పంపించి, సూదితో ముక్క తీయించి పరీక్ష చేయించాలి. ఆ మనిషి నిద్రపోవాలా వద్దా అన్నది ఆ పెట్టె చెప్పాలి" అన్నారు.

నేను అక్కడుండగానే బయట బెంచీ మీద ఒక ముసలాయన పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన పాత ఎక్స్‌రే తెరవమన్నాను. తెరుచుకుంది, ఏ ఆలస్యమూ లేకుండా. డాక్టరు గారు నా వైపూ తెర వైపూ మార్చి మార్చి చూశారు. మేనేజరు సమ్మయ్య గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"నీకు భయపడ్తదే అన్నా. నువ్వు అడుగుపెడ్తె బుద్ధిమంతురాలైతది. నువ్వు పోంగనే మా పానం దీస్తది."

నేను ఆ రోజంతా అక్కడే కూర్చున్నాను. డిస్క్ ఎంత వేగంగా చదువుతోందో కొలిచే పరీక్ష పెట్టాను. కొత్తదానికి ఎంత ఉండాలో అంత ఉంది. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే నివేదిక ఒకటి ఉంటుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వైరస్ వెతికే ప్రోగ్రాము పగటిపూట నడుస్తోందేమో చూశాను. లేదు. కేబుళ్లలో లోపమా అంటే, అదే అయితే కొత్త ఎక్స్‌రేలు కూడా నెమ్మదించాలి. కొత్తవి మెమరీలోనే సిద్ధంగా ఉంటాయి, పాతవాటి కోసం డిస్క్ దాకా వెళ్లాలి. కాబట్టి లోపం డిస్క్ దగ్గరే ఉంది, కానీ నేను చూస్తున్నప్పుడు మాత్రం లేదు.

ఆ గది మాత్రం నాకు నచ్చింది. ఈ పట్టణాల్లో సర్వర్ ఉండే గదులు సాధారణంగా చీపుర్లు, విరిగిన కుర్చీలు పడేసే కొట్లలా ఉంటాయి. ఇది నేల తుడిచి, అద్దంలా ఉంది. గదులు ఊడ్చే ఓదెమ్మ అనే ఆవిడ నాకు కూర్చోవడానికి కుర్చీ తుడిచి వేసింది. మంచినీళ్లు ఇచ్చి, గుమ్మం అవతల నిలబడి నేనేం చేస్తున్నానో చూస్తూ ఉండిపోయింది.

వారం తిరగకముందే సమ్మయ్య మళ్లీ ఫోన్ చేశాడు. ముందురోజు చెప్పి వెళ్లాను. వెళ్లేసరికి సర్వర్ మళ్లీ బుద్ధిగా ఉంది. కానీ ఈసారి గది గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

పాతికేళ్ల వయసులో ఊరూరా చర్చల్లో నిలబడి దిష్టి గురించి, గ్రహణాల గురించి గొంతు పోయేలా వాదించినవాణ్ని. చూస్తూ ఊరుకోలేకపోయాను. సమ్మయ్యను కూర్చోబెట్టి, ఒక వారం నిమ్మకాయ ఉంచి, ఒక వారం తీసి, వేగం కొలుద్దామన్నాను. పరీక్షకు నిలవని మాటకు విలువ లేదని, ఇంత చదువుకున్నవాడు ఎక్స్‌రే మిషన్ పక్కన మిరపకాయలు కట్టడం సిగ్గుచేటని కూడా అన్నాను. అతను కోపం తెచ్చుకోలేదు.

"తీస్త అన్నా. తీసినంక ఏమన్నయితె ఓనరు నీ పేరు వెడ్తడా, నా పేరు వెడ్తడా?"

అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. కరీంనగర్‌లో ఉండే ఓనరుకు ఎవరో సలహా ఇచ్చారట, డిస్క్ నిండిపోవడం వల్లే నెమ్మదించిందని. పాత ఎక్స్‌రేలన్నీ ఈ నెలాఖరుకల్లా తుడిచేయమని ఆయన హుకుం. గోదాములో సగం బస్తాలు బయటపడేసినంత మాత్రాన మోకాళ్ల నొప్పి ఉన్న హమాలీ పరుగెత్తడని చెప్పాను. డిస్క్‌లో ఇంకా బోలెడు ఖాళీ ఉందని తెర మీద చూపించాను. పోనీ, తుడిచేముందు అన్నిటినీ ఇంకో డిస్క్‌లోకి నకలు తీసి పెడదామన్నాను. అదీ అడిగి చూశాడట.

"సచ్చిపోయినోళ్ల ఫొటోలకు ఇంకో డబ్బా ఎందుకని అంటుండు. నేనేం జెయ్యాలె చెప్పు."

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. నెలాఖరులోగా నేను కారణం కనుక్కోకపోతే ఆమె చేతిలో సాక్షులు ఉండరు. ఇప్పుడు బతికి, దగ్గుతూ ఆ బెంచీ మీద కూర్చునే మనుషుల పాత ఫొటోలు కూడా, చనిపోయినవాళ్ల వాటితో కలిసి, పోతాయి.

కారణం లేకుండా ఏదీ జరగదు. నేను ఉన్నప్పుడు కనబడని లోపాన్ని నేను లేనప్పుడు చూడాలి. ఆ రోజు సర్వర్‌లో ఒక చిన్న ప్రోగ్రాము పెట్టి వచ్చాను. డిస్క్ చదివే వేగం, లోపలి వేడి, ఫ్యాన్లు తిరిగే వేగం, ఈ మూడింటినీ పగలూ రాత్రీ రాసుకుంటూ ఉండటమే దాని పని. మంచిర్యాలలో నా ఇంట్లో కూర్చుని ఆ లెక్కలను తెర మీద గీతలుగా చూడవచ్చు.

గీతలు మాట్లాడటం మొదలుపెట్టాయి. రోజూ పొద్దున అంతా సవ్యంగా ఉంటుంది. గదులు ఊడ్చి, తుడిచే వేళ దాటాక లోపల వేడి పెరగడం మొదలవుతుంది. దాని వెనకే ఫ్యాన్లు వేగం అందుకుంటాయి. ఫ్యాన్లు పూర్తి వేగానికి చేరాక డిస్క్ చదివే వేగం కిందికి పడిపోతుంది. సాయంత్రం అన్నీ మళ్లీ మామూలుకు వస్తాయి. ఆదివారం మాత్రం గీత తిన్నగా ఉంది.

మొదటి ముడి విడింది. హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటుంది. దాని మీద వెంట్రుక కూడా దూరనంత సందులో, ఒక చిన్న ముల్లు లాంటి హెడ్ కదులుతూ చదువుతుంది. పెట్టె వేడెక్కి ఫ్యాన్లన్నీ ఒకేసారి హోరెత్తితే పెట్టె మొత్తం సన్నగా వణుకుతుంది. హెడ్ చదవాల్సిన గీత తప్పుతుంది. పళ్లెం మళ్లీ తిరిగి వచ్చేదాకా ఆగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. టిప్పర్లు తిరిగే రోడ్డు మీద బస్సులో పేపరు చదవబోతే చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతామే, అలాగ. చివరికి చదివేస్తుంది కాబట్టి తప్పు ఎక్కడా నమోదు కాదు. ఆలస్యం మాత్రమే మిగులుతుంది.

మరి వేడి ఎందుకు పెరుగుతోంది? ఈ ప్రశ్నకు జవాబు నేను వెళ్లని ఒక రోజు చెప్పింది. ఒక బుధవారం వస్తానని సమ్మయ్యకు చెప్పి, కాసిపేటలో ఇంకో పని తగిలి వెళ్లలేకపోయాను. మధ్యాహ్నం దాటాక, ఇవాళ రావడం లేదని ఫోన్ చేశాను. సాయంత్రం ఇంటికొచ్చి గీత చూస్తే, ఫోన్ చేసేదాకా తిన్నగా ఉంది. ఆ తర్వాత కాసేపటికే వేడి లేచింది.

నేను అక్కడ లేను. నేను వస్తానన్న వార్త మాత్రమే ఉంది. సర్వర్‌కు వార్తలు తెలియవు. తెలిసేది మనుషులకే.

ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఇందులో వింత లేదు. గనికి పెద్ద సారు తనిఖీకి వస్తున్నాడంటే ముందురోజే అన్నీ సర్దేస్తారు. దారికి అటూ ఇటూ సున్నం గీతలు పడతాయి. మనుషులు తమ సౌకర్యం కోసం తగిలించుకున్న తువ్వాలలు, టిఫిన్ సంచులు, తడి గోనెలు మాయమవుతాయి. సారుకు కనబడేది ఆయన కోసం తయారైన గని. రోజూ పని జరిగే గనిని ఏ సారూ చూడడు. పట్నంలో ఆఫీసులకూ, సెంటర్లకూ ఇదే అలవాటు పాకింది. నన్ను వాళ్లు సారును చేశారు. అందుకే నేను ఇన్నాళ్లూ వేరే సర్వర్‌ను చూస్తున్నాను.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. గోదావరి వంతెన దాటి, బస్టాండులో దిగి, సెంటర్ పక్క తలుపు గుండా నేరుగా ఆ గదికి నడిచాను. తలుపు తీయకముందే ఫ్యాన్ల హోరు వినబడింది, ఎత్తు ఎక్కుతున్న టిప్పర్ మూలిగినట్టు.

లోపల నల్లపెట్టె ముఖం మీద ఒక తడి తువ్వాల కప్పి ఉంది. జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద వేసినంత జాగ్రత్తగా, ముడతలు లేకుండా, పైన రెండు మూలలూ మడిచి దోపి ఉంది. గాలి పీల్చుకునే జాలీ ఎదురుగా తువ్వాల మీద చదరంగా నల్లటి మరక. పక్కన ఓదెమ్మ, చేతిలో చెంబు, తువ్వాల మీద నీళ్లు చిలకరిస్తోంది.

నన్ను చూసి తువ్వాల లాగేసి వెనక దాచుకుంది.

"ఇయ్యాల వస్తనని జెప్పలే గద సారూ."

కరెంటు పెట్టె, పక్కన నీళ్ల చెంబు. నా నోటికి రాబోయిన మాటలు మంచివి కావు. నిమ్మకాయ కట్టిన గుమ్మం కిందే నిలబడి ఉన్నాను కాబట్టి, ఇది కూడా దాని తోబుట్టువే అనుకున్నాను. అయితే ఆమె పని పోతుందని భయపడుతోంది. మాటలు మింగేసి, చెంబు తీసి బయట పెట్టాను. ఇది ఎవరు కట్టమన్నారని అడిగాను.

"ఎవ్వలు అనలే. నేనే కడ్తున్న. దుమ్ము వోతది సారూ దాంట్లకు."

దుమ్ము లోపలికి పోతుంది. ఈ పట్టణంలో వేసవి వస్తే ప్రతి ఇంటి కిటికీకీ తడిబట్ట కడతారు. సాయంత్రం పిండితే నల్లనీళ్లు కారతాయి. ఇక్కడి ఆడవాళ్లు దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు, బకెట్‌లో చూశారు. ఈ వేసవి సెంటర్ వెనక రోడ్డు మీద బొగ్గు లారీలు పెరిగాయి. కిటికీ సందుల్లోంచి దుమ్ము లోపలికి వస్తుంటే ఆమె తనకు తెలిసిన పని చేసింది. నేను వస్తున్నానని సమ్మయ్య చెప్పిన రోజున మాత్రం, సారు కంటికి అసహ్యంగా ఉంటుందని తీసేసి గది సర్దేది. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లేముందు విప్పి పిండేది. ఆదివారం ఆమెకు సెలవు.

మిగతా కంప్యూటర్లకు కట్టకుండా దీనికే ఎందుకు కట్టావని అడిగాను. ఆమె తువ్వాల మడతపెడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. ఆమె భర్త పోశం భూగర్భ గనిలో పనిచేసి దిగిపోయాడు. దిగిపోయాక ఆయాసం. మెట్టు ఎక్కాలంటే ఆగి ఆగి ఎక్కేవాడు. నిరుడుకు ముందు సంవత్సరం పోయాడు. ఆయన ఫిల్ములు ఇక్కడి బీరువాలోనే ఉండేవి. ఆ బీరువా దుమ్ము తుడిచేది ఆమే. బీరువాలు తీసేసిన రోజు ఆ కవర్లన్నీ ఏమయ్యాయని అడిగితే, డాక్టరమ్మ ఈ పెట్టెను తట్టి, అన్నీ ఇందులోనే ఉన్నాయని చెప్పిందట.

"ఆయన పెయ్యిలకు, ఊపిరిలకు దుమ్ము వోతుంటె ఆపలేకపోయిన సారూ. దీంట్లకన్న పోకుంట జూద్దమని."

ఆ తువ్వాల మళ్లీ కట్టమన్నాను. ఎగతాళి చేస్తున్నానేమోనని ఆమె నా ముఖం చూసింది. నీళ్లు చల్లకుండా, అంతకుముందు ఎలా కట్టావో అలాగే కట్టు, ఇద్దరం చూద్దాం అన్నాను.

కట్టింది. డాక్టరు గారిని పక్క గదిలో పాత ఎక్స్‌రేలు ఒక్కొక్కటి తెరుస్తూ ఉండమన్నాను. కొద్దిసేపటికి ఫ్యాన్లు గొంతు పెంచాయి. ఓదెమ్మ చెయ్యి తీసుకుని పెట్టె వెనక పెట్టించాను. వేడిగాలి తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్క గదిలోంచి డాక్టరు గారు, ఆగిపోయిందని కేక వేశారు. తువ్వాల తీయించాను. హోరు మెల్లగా దిగింది. ఎక్స్‌రేలు మళ్లీ తెరుచుకోవడం మొదలైంది. గాలి ముందునుంచి లోపలికి పోయి, లోపలి వేడిని తీసుకుని వెనకనుంచి బయటికి వస్తుందని, ముందున్న జాలీ దీనికి ముక్కు లాంటిదని చెప్పాను.

ఆమె చేతిలోని తువ్వాలను ఒకసారి, జాలీని ఒకసారి చూసింది.

"అంటె నేను దీని ముక్కు మూసిననా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెట్టె వైపు అనుమానంగా చూసి, కొంగు నడుముకు దోపుకుని, నేను ఊహించని మాట అంది.

"మల్లొక్కసారి కట్టి జూద్దం సారూ. అది ఇంకేదానికన్న మొత్తుకుంటుందేమో."

మళ్లీ కట్టాం, మళ్లీ విప్పాం. అదే జరిగింది. అప్పుడు తల ఊపి, తువ్వాల తీసి భుజాన వేసుకుంది.

భోజనాల వేళ సెంటర్ ఖాళీ అయ్యాక సర్వర్ ఆపి, కరెంటు తీసి, పక్క మూత విప్పాను. ఈ ప్రాంతంలో నేను మూత విప్పిన ప్రతి పెట్టెలోనూ దుమ్ము నల్లటి కంబళిలా పేరుకుని ఉంటుంది. ఇందులో వేలితో గీస్తే గీత కూడా పడలేదు. ఓదెమ్మను పిలిచి చూపించాను.

"నీ తువ్వాల పనిచేసింది అక్కా. కట్టిన చోటే తప్పు."

ఆమె వంగి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. పోశం ఎక్కడున్నాడో వెతుకుతోందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఆ మధ్యాహ్నమే కిటికీ సందులు మూయించాం. తడిబట్ట బయటి వరండా కిటికీకి వెళ్లింది. సర్వర్ ముందు, జాలీకి తగలకుండా ఎడంగా, పలుచటి పొడి ఫిల్టర్ ఒకటి బిగించాను. వారానికోసారి దాన్ని తీసి ఉతికి, పూర్తిగా ఆరాక పెట్టడం ఓదెమ్మ పని. ఆ గదిలోకి నీళ్లు రాకూడదు. ఎందుకు రాకూడదో ఒకసారి చెప్తే చాలింది. డాక్టరు గారు ఓనరుకు ఫోన్ చేసి, తువ్వాల ఉన్నప్పటి గీత, లేనప్పటి గీత రెండూ పంపించి, ఒక్క ఫొటో తుడవాల్సిన పని లేదని గట్టిగా చెప్పారు. ఓనరు సరేనన్నాడు. సమ్మయ్య మాత్రం గుమ్మం వైపు చూస్తూ, నిమ్మకాయ కట్టాకే కదా కారణం దొరికింది అన్నాడు. నాకు వాదించబుద్ధి కాలేదు.

వెళ్లబోతుంటే డాక్టరు గారు ఓదెమ్మను లోపలికి పిలిచారు. పోశం ఫొటో చూస్తావా అని అడిగారు. ఆమె చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. డాక్టరు గారు పేరు కొట్టారు. వెంటనే తెరుచుకుంది. పక్కటెముకలు, గుండె నీడ, రెండు వైపులా ఊపిరితిత్తులు, వాటి నిండా తెల్లటి చుక్కలు, పైన కలిసిపోయి మేఘాల్లా.

"బొగ్గు నల్లగ గద అమ్మా. లోపలంత నల్లగుంటదనుకున్న. గింత తెల్లగున్నదేంది?"

డాక్టరు గారు కుర్చీ జరిపి ఆమెకు చోటిచ్చారు. ఎక్స్‌రేలో గాలి ఉన్న చోటు నల్లగా కనబడుతుందని, గాలి ఆడని చోటు తెల్లగా వస్తుందని చెప్పారు. ఆ తెలుపంతా దుమ్ము చేసిన పని.

"అంటె గీ నల్లగున్నకాడ ఊపిరున్నట్టు."

"అవును ఓదెమ్మా."

ఆమె తెరకు దగ్గరగా వంగి, తెలుపును వదిలేసి నలుపు కోసం వెతికింది. కింద ఒక మూల దొరికింది. అక్కడ వేలు పెట్టి, ముట్టుకోకుండా, గాలిలోనే ఆపింది.

"గింతన్న మిగిలిందన్నట్టు ఆయనకు. గింతతోనే నాతోటి ముచ్చట పెట్టిండు."

నా వృత్తిలో దీని తర్వాత పెద్ద పెద్ద సర్వర్లు చూశాను, కష్టమైన లోపాలూ పట్టుకున్నాను. ఇది మాత్రం మనసులో ఉండిపోయింది. వయసులో ఉన్నప్పుడు నేను గెలిచిన వాదనలు చాలా ఉన్నాయి. వాటిలో ఓడిపోయినవాళ్లలో ఒక్కరు కూడా, మళ్లీ ఒకసారి పరీక్షించి చూద్దాం అనలేదు. నేను వాళ్లను అంతదాకా రానివ్వలేదు. మొదటి మాటలోనే అజ్ఞానులని తేల్చేవాణ్ని. అజ్ఞాని అనిపించుకున్నవాడు పరీక్ష అడగడు, తలుపు మూసుకుంటాడు. ఆ రోజు గుమ్మంలో నా నోటికి వచ్చిన మాట అనేసి ఉంటే ఓదెమ్మ తువ్వాల తీసేసి ఉండేది, భయంతో. ఎందుకు తీయాలో ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. నేను లేనప్పుడు మళ్లీ కట్టి ఉండేది.

మూఢత్వంతో రాజీ పడమని నేను ఇప్పటికీ అనను. రుజువు లేని మాటను మాటగానే పక్కన పెట్టాలి. కానీ ఒక మనిషి చేతిలోంచి తప్పును తీసేముందు, ఆ తప్పుతో ఆ మనిషి దేన్ని కాపాడుకుంటోందో అడగాలని ఈ కేసు నేర్పింది. దాన్ని కాపాడే ఇంకో మార్గం చూపిస్తే చాలు, తప్పును మనం లాక్కోనక్కర్లేదు.

ఇప్పుడు నేను ఏ ఊరికైనా ముందుగా చెప్పకుండా వెళ్తాను. వెళ్లాక సర్వర్ దగ్గర కూర్చునే ముందు, ఆ గది ఊడ్చే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్లతో కాసేపు మాట్లాడతాను.